శిలాఫలకం కాదు, మస్టరు చదవండి



గ్రీస్ ఫొటోలు పెట్టినప్పటి నుంచి ఇన్‌బాక్స్‌లో రెండు రకాల మాటలు వస్తున్నాయి. ఒకటి: "అన్నా, ప్రజాస్వామ్యం పుట్టిన గడ్డ మీద నిలబడ్డావు కదా, ఎట్లా అనిపించింది?" రెండోది కొంచెం ఘాటు: "బానిసల చెమటతో కట్టిన గుళ్లు చూడటానికి అంత ఖర్చు పెట్టుకుని పోవాలా అన్నా?" మొదటి ప్రశ్న ఎక్కువగా పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల నుంచి. రెండోది సంఘాల్లో పనిచేసే మనవాళ్ల నుంచి. ఇద్దరికీ కలిపి ఈ భాగంలో జవాబు చెప్తాను.

ఖర్చు సంగతి ముందు. నేనూ నా సహచరీ రెండేళ్లు చిట్టీ కట్టి వెళ్లాం. పన్నెండు రోజులు తిరిగాం. ఇందులో దాచేదేమీ లేదు. ప్రపంచాన్ని చూసి రావడం, చూసినదాని మీద మాట్లాడటం కొన్ని ఇళ్ల సొత్తుగా ఉండిపోయింది. ఆ మాట మనం కూడా మాట్లాడాలంటే మనమూ వెళ్లాలి, మన కళ్లతో చూడాలి.

ఇక అసలు విషయం. ఏథెన్స్‌ను ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని దండం పెట్టేవాళ్లూ, బానిసల రాజ్యమని తుడిచేసేవాళ్లూ ఒకచోట కలుస్తున్నారు. ఇద్దరూ అక్కడి రాళ్ల మీద ఏం రాసి ఉందో చదవడం లేదు. ఆ రాళ్ల మీద కూలీల పేర్లున్నాయి. బానిసల పేర్లున్నాయి. ఎవరు ఏ పని చేశారో, ఎంత తీసుకున్నారో లెక్క ఉంది. మన భాషలో చెప్పాలంటే అది 2,400 ఏళ్ల నాటి మస్టరు. ఉపాధి హామీ పనుల్లో మస్టర్ల చుట్టూ తిరిగినవాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు.

*

ఈ ప్రయాణంలో సగం చూపు నా సహచరిది. ఆమె తండ్రిది పాలమూరు, తాపీ మేస్త్రి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట పనుల మీదికి పోయి ఇటుకలు అందించిన మనిషి ఆమె. రాయి కనిపిస్తే నేను చరిత్ర వెతుకుతాను, ఆమె పనితనం వెతుకుతుంది.

ఆక్రోపోలిస్ కొండ ఎక్కగానే జనమంతా పార్థెనాన్ వైపు పోతారు. దానికి ఉత్తరాన ఎరెక్థియాన్ అని ఇంకొంచెం చిన్న గుడి ఉంది. ఆరుగురు ఆడవాళ్ల విగ్రహాలు తలల మీద కప్పు మోస్తున్నట్టు నిలబడిన వరండా దానిదే. ఇప్పుడు అక్కడ కనిపించేవి నకళ్లు. అసలువాటిలో ఐదు కొండ కింద ఉన్న ఆక్రోపోలిస్ మ్యూజియంలో ఉన్నాయి, ఒకటి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జంటలన్నీ ఆ వరండా ముందు వరుస కట్టి ఫొటోలు దిగుతాయి. మేమూ దిగాం.

ఆమె మాత్రం తూర్పు వైపు స్తంభాల దగ్గర ఆగిపోయింది. పైనుంచి కిందికి నిలువుగా చెక్కిన గాడులు చూస్తూ, "ఇది ఒక్కడు కొడితే ఒడిసే పని కాదు. చుట్టూ నలుగురైదుగురు ఉండాలె. ఒక్క గీటు తప్పినా స్తంభమంతా ఖరాబే" అంది. కాసేపాగి, "ఏం కూలి ఇచ్చిన్రో వీళ్లకు?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. క్రీ.పూ. 409లో, మధ్యలో ఆగిపోయిన ఈ గుడి పనిని ఏథెన్స్ ప్రజాసభ మళ్లీ మొదలుపెట్టించింది. పనిని చూసిన అధికారులు ప్రతి ఖర్చూ రాసి, ఆ లెక్కను పాలరాతి మీద చెక్కించారు. ఆ పలకల ముక్కలు చాలావరకు ఏథెన్స్‌లోని శాసనాల మ్యూజియంలో ఉన్నాయి. దేశమంతా తెలిసిన పెద్ద పురావస్తు మ్యూజియం పక్కనే ఉంటుంది అది. మేం వెళ్లిన పూట పెద్ద మ్యూజియం ముందు క్యూ ఉంది, దీని దగ్గర ఎవరూ లేరు.

ఆ లెక్కలో ఒక స్తంభం పని చూడండి. గాడులు చెక్కిన జట్టు పేర్లు వరుసగా ఉన్నాయి. సిమియాస్ అనే శిల్పి, కెర్డోన్ అనే ఇంకొకడు. సిమియాస్ బానిసలు సన్నియోన్, ఎపియైకేస్, సోసాండ్రోస్. ఆక్సియోపైథేస్ అనే యజమాని బానిస సోక్లేస్, ఇంకా సిండ్రోన్. ఒకే స్తంభం చుట్టూ ఏడుగురు. మేస్త్రి బిడ్డ అంచనా తప్పలేదు.

ఈ లెక్కల్లో హోదా తెలుస్తున్నవాళ్లు 86 మంది అని పరిశోధకులు తేల్చారు. వాళ్లలో 24 మంది పౌరులు, 42 మంది మెటిక్‌లు, 20 మంది బానిసలు. మెటిక్‌లంటే బయటి నుంచి వచ్చి ఏథెన్స్‌లో స్థిరపడినవాళ్లు. పన్ను కడతారు, యుద్ధానికి పోతారు, ఓటు మాత్రం ఉండదు. రోజు కూలి మామూలుగా ఒక ద్రాక్మా. పౌరుడికీ అంతే, మెటిక్‌కూ అంతే, బానిసకూ అంతే. పని మొత్తాన్ని చూసిన వాస్తుశిల్పికీ రోజుకు ఒక ద్రాక్మా లెక్కే పడింది.

ఇక్కడే ఆగిపోతే "చూశారా, ఎంత సమానత్వం!" అని ఒక పోస్టు రాసేయొచ్చు. ఆగకండి. బానిస పేరిట రాసిన ద్రాక్మా బానిస చేతిలో నిలిచేది కాదు, యజమానికి పోయేది. సిమియాస్ ఒక్కడే పనికొచ్చినా, అతని బానిసల కూలి కూడా అతని మూటలోనే పడేది. సమాన కూలి అనేది పనికి కట్టిన ధర. ఆ డబ్బు ఎవరి చేతికి పోయిందన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడగడం మనకు చిన్నప్పుడే నేర్పింది ఊరు.

పేర్లు రాసిన తీరు ఇంకా చెప్తుంది. పౌరుడైతే పేరు పక్కన అతని ఊరు, అంటే అతను సభ్యుడిగా నమోదైన వాడ. మెటిక్ అయితే "ఫలానా చోట ఉంటున్నవాడు". బానిస అయితే "ఫలానావాడి సన్నియోన్". ఒకడికి ఊరు, ఒకడికి ఉంటున్న చోటు, ఒకడికి యజమాని. పేరు చెప్పగానే ఇంటిపేరు, ఊళ్లో ఏ వైపు ఇల్లు అని అడిగించుకుని పెరిగినవాళ్లకు ఈ వ్యాకరణం అర్థం కావడానికి గ్రీకు భాష రానక్కర్లేదు.

అయినా ఆ పేరు అక్కడుంది. ఎందుకుంది? ఏథెన్స్‌లో అధికారి ఎవరైనా పదవీకాలం అయిపోగానే లెక్క అప్పజెప్పాలి. ఎవరైనా లేచి ప్రశ్నించవచ్చు. ప్రజల సొమ్ము ఎక్కడికి పోయిందో చెప్పాలన్న ఆ భయమే సన్నియోన్ పేరును రాతికెక్కించింది. బానిస మీద గౌరవంతో కాదు, ఆడిట్ కోసం. బానిసను అమ్మిన ప్రజాస్వామ్యమే బానిస పేరును కాపాడింది. ఈ రెండూ నిజాలే. ఒకటి పట్టుకుని ఇంకొకటి వదిలేస్తే మనం ఏథెన్స్‌నూ అర్థం చేసుకోలేం, మన గ్రామసభనూ అర్థం చేసుకోలేం.

*

ఏథెన్స్ నుంచి డెబ్భై కిలోమీటర్ల దూరంలో, సముద్రం అంచున సూనియాన్ ఉంది. కొండకొమ్మున పొసైడాన్ గుడి స్తంభాలు. కొత్త జంటలు, పాత జంటలు అందరూ సూర్యాస్తమయానికి అక్కడికి పోతారు. ఒక స్తంభం మీద బైరన్ అనే ఇంగ్లిష్ కవి పేరు చెక్కి ఉంది. ప్రతి గైడూ ఆ పేరు చూపిస్తాడు. రాతి మీద గీసిపోయిన ఒక ప్రభువు పేరు కూడా స్మారకమైంది.

అక్కడికి దగ్గర్లోనే లావ్రియో. పాత పేరు లారియన్. ఏథెన్స్ వెండి గనులు అక్కడే. క్రీ.పూ. 483లో అక్కడ పెద్ద వెండి పొర దొరికింది. ఆ డబ్బు జనానికి పంచొద్దు, యుద్ధనౌకలు కట్టిద్దాం అని థెమిస్టోక్లేస్ ఒప్పించాడు. క్రీ.పూ. 480లో సలామిస్ దగ్గర పర్షియాను ఓడించింది ఆ నౌకలే. ఆ గెలుపు లేకపోతే పార్థెనాన్ లేదు, మనం పుస్తకాల్లో చదివే ఏథెన్స్ లేదు. అంటే ఆ ప్రజాస్వామ్యపు పునాది లారియన్ సొరంగాల్లో ఉంది. ఆ సొరంగాలు చాలా చోట్ల మీటరు ఎత్తు కూడా ఉండవు. పాకుతూ పోయి, నూనె దీపం వెలుగులో రాయి కొట్టాలి.

థొరికోస్ అనే చోట ఒక పాత నాటకశాల ఉంది, దాని పక్కనే గని నోరు ఉంది. ఒకవైపు నాటకం, ఇంకొకవైపు సొరంగం. నా సహచరి ఆ రెండిటి మధ్య నిలబడి, "చప్పట్లు లోపలికి వినపడేవా?" అంది. నేను ఏమీ అనలేదు.

ఈ గనుల కూలి లెక్క కూడా రాసి ఉంది, జెనోఫోన్ పుస్తకంలో. నికియాస్ అనే పెద్ద నాయకుడు తన 1,000 మంది బానిసలను సోసియాస్ అనేవాడికి గని పనికి అద్దెకిచ్చాడు. తలకు రోజుకు ఒక ఓబోల్. ఆరు ఓబోల్స్ కలిస్తే ఒక ద్రాక్మా. ఒప్పందంలో ఇంకో షరతు ఉంది: సంఖ్య ఎప్పుడూ 1,000 ఉండాలి. చదవడానికి మామూలు షరతు. అర్థం ఆలోచించండి. ఒకడు పోతే ఇంకొకణ్ని తెచ్చి నింపాలి. ఎవడు పోయాడన్నది లెక్కలోకి రాదు.

ఎరెక్థియాన్ దగ్గర పేరుంది. లారియన్ దగ్గర సంఖ్య ఉంది. ఒకే నగరం, ఒకే కాలం, ఒకే బానిసత్వం. తేడా ఎక్కడ? గుడి కట్టే పనికి నలుగురి ముందు లెక్క చెప్పాలి. గని అద్దె ఇద్దరు యజమానుల మధ్య ఒప్పందం. బహిరంగంగా లెక్క చెప్పాల్సిన చోట మనిషి పేరుగా మిగిలాడు, చెప్పనక్కర్లేని చోట అంకె అయ్యాడు. ఈ ప్రయాణం నుంచి నేను తెచ్చుకున్న పాఠం ఇదే.

గని పని నుంచి ఒక్క పేరైనా లేదా అంటే, ఉంది. అటోటాస్. నల్లసముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన గనిపనివాడు. అతని సమాధి రాయి దొరికింది. తన పనితనంలో తనకు సాటి లేదని ఆ రాయి గర్వంగా చెప్తుంది, తన వంశాన్ని ట్రాయ్ యుద్ధపు వీరుడితో కలుపుకుంటుంది. బానిసో, విడుదలైనవాడో రాయి చెప్పదు. పనితనం మాత్రం చెప్తుంది. తనను పరాయివాడన్న నేల మీద పడుకుని కూడా, చివరి మాట తన పని గురించే చెప్పుకున్నాడు.

*

డెల్ఫీకి జంటలు భవిష్యత్తు చెప్పిన దేవుడి గుడి చూడటానికి పోతారు. అపోలో గుడి కట్ట కింద, వంకరటింకర రాళ్లను సందు లేకుండా అమర్చిన పొడవాటి గోడ ఉంది. అందరూ ఆ పక్క నుంచే పైకి నడుస్తారు. ఆ గోడ మీద చిన్న చిన్న అక్షరాలు నిండి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే తప్ప కనిపించవు. అవి బానిసల విడుదల పత్రాలు. సుమారు 800 శాసనాలు. ఎక్కువగా క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి మొదలైనవి. వాటిలో ఆడవాళ్ల పేర్లు చాలా ఎక్కువ.

పద్ధతి ఇదీ. బానిసకు సొంతంగా ఒప్పందం చేసుకునే హక్కు లేదు. అందుకని దేవుడు కొన్నట్టు రాస్తారు. డబ్బు మాత్రం బానిసే పోగు చేసుకుని ఇవ్వాలి. అంటే తన్ను తాను కొనుక్కోవాలి, రసీదు దేవుడి పేరు మీద. సాక్షుల పేర్లుంటాయి, ధర ఉంటుంది, ఇకపై ఇతణ్ని ఎవరూ పట్టుకోరాదన్న హామీ ఉంటుంది.

చాలా పత్రాల్లో ఇంకో షరతు ఉంది. దాన్ని పరమోనే అంటారు, "దగ్గరే ఉండటం" అని అర్థం. విడుదలైనా సరే, యజమాని చచ్చేదాకా అతని దగ్గరే ఉండి చెప్పిన పని చేయాలి. చేయకపోతే శిక్షించే హక్కు యజమానికి ఉంటుంది. కొన్నిట్లో విడుదలయ్యే తల్లి తనకు బదులు ఒక బిడ్డను ఇచ్చిపోవాలని కూడా ఉంది. మన దేశంలో 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక కూడా కాగితం మీద విడుదలై, అప్పు మిగిలిందని అదే దొర పొలంలో ఉండిపోయిన జీతగాళ్ల కథలు విన్నవాళ్లం మనం. పరమోనే అన్న మాటకు తెలుగు అనువాదం వెతకనక్కర్లేదు.

*

ఇక్కడ కొందరు మిత్రులు బాబాసాహెబ్‌ను గుర్తుచేస్తారు. గుర్తుచేయాలి కూడా. బానిసత్వాన్నీ అంటరానితనాన్నీ పక్కపక్కన పెట్టి, అంటరానితనమే ఎక్కువ క్రూరమని అంబేడ్కర్ వాదించారు. ఆయన చెప్పింది సూటిగా ఉంది. బానిస యజమానికి ఆస్తి, కనుక అతనికి పని నేర్పించి, తిండి పెట్టి కాపాడుకునేవాడు. అంటరానివాడు ఎవరి ఆస్తీ కాదు, కనుక ఎవరికీ పట్టలేదు. యజమాని తలుచుకుంటే బానిసను విడిచిపెట్టొచ్చు. అంటరానితనంలో విడిచిపెట్టే అధికారం ఎవరికీ లేదు, దానికి డెల్ఫీ గోడ లేదు. అంతకు ముందే జోతిబా ఫూలే 1873లో రాసిన "గులాంగిరి"ని, బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. పోల్చి చూడటం మన ఉద్యమానికి పాత అలవాటు.

ఆ పోలికను గ్రీస్‌కు క్షమాపణ పత్రంగా మాత్రం వాడొద్దు. ఆస్తిని కాపాడుకుంటారన్న మాట స్తంభం చెక్కే సన్నియోన్‌కు వర్తిస్తుందేమో. లారియన్‌లో ఆస్తిని వాడి పారేశారు. అరిస్టాటిల్ బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నాడు, పుట్టుకతోనే కొందరు బానిసలన్నాడు. కానీ అదే పుస్తకంలో, బానిసత్వం ప్రకృతి పెట్టింది కాదు, మనుషుల చట్టం పెట్టిందని వాదించేవాళ్లు ఉన్నారని కూడా రాశాడు. అంటే ఆనాడే ఎదురుమాట ఉంది. "ఆ కాలం అట్లా ఉండేది" అనే వాదన ఎవరు చేసినా, ఆ కాలంలోనే కాదన్నవాళ్లు ఎవరని అడగండి. అది మనువుకూ వర్తిస్తుంది, అరిస్టాటిల్‌కూ వర్తిస్తుంది.

*

మన దగ్గర రాతి మీద ఎవరి పేరుంటుంది? శిలాఫలకం చూడండి. మంత్రి, ఎమ్మెల్యే, జెడ్పీ చైర్మన్, కలెక్టర్. పేరు ఒక వరుస కిందికి పోయిందని ప్రొటోకాల్ గొడవలు, ధర్నాలు. నాగార్జునసాగర్‌కు 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారని ప్రతి విద్యార్థికీ తెలుసు. దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కట్టినా "పాలమూరు లేబర్" అన్న మాట వినపడేది. లేబర్ అన్నది పేరు కాదు. నికియాస్ 1,000 లాంటిదే అది.

నా సహచరి తండ్రి కట్టిన ఇళ్లు మహబూబ్‌నగర్ చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. గృహప్రవేశం నాడు మేస్త్రికి బట్టలు పెడతారు, అది మర్యాద. ఆ తర్వాత, తన చేత్తో గోడలు లేపిన వంటగదిలోకి ఆయన అడుగుపెట్టలేని ఇళ్లు కూడా వాటిలో ఉన్నాయి. ఇంటి ముందు పాలరాయి మీద యజమాని పేరుంటుంది.

మన నేల మీద వేరే సంప్రదాయం కూడా ఉంది, అది తెలుసుకోండి. ఎరెక్థియాన్ నుంచి పోయిన విగ్రహం ఉన్న బ్రిటిష్ మ్యూజియంలోనే అమరావతి స్తూపం పలకలూ ఉన్నాయి. ఆ స్తూపం దానశాసనాల్లో రాజులు, సెట్టిలు మాత్రమే లేరు. విధిక అనే చమ్మకారుడు, అంటే తోలు పనివాడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, బిడ్డలతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానమిచ్చాడని ఒక శాసనం చెప్తుంది. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడని కూడా రాసి ఉంది. కృష్ణ ఒడ్డున, బుద్ధుడి స్తూపం మీద, తోలు పనిచేసే కుటుంబం తన పేరు తన పనితో సహా రాయించుకుంది. సన్నియోన్ పేరు యజమాని లెక్కలో ఉంది. విధిక పేరు విధికదే. ఈ రెంటి మధ్య ఉన్న దూరం కొలిస్తే మనకు కావాల్సింది ఏమిటో తెలుస్తుంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఏ శిథిలానికి వెళ్లినా, ఏ కోటకు పోయినా, కట్టించినవాడి పేరు ఒకసారి చదివి పక్కన పెట్టండి. రాయి ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు కొట్టారు, కూలి ఎవరి చేతికి పోయింది, లెక్క ఎక్కడుంది అని అడగండి. గైడుకు తెలియకపోతే లైబ్రరీకి పోండి. శాసనాల సంపుటాలు దుమ్ము పట్టి అక్కడే ఉన్నాయి.

సంఘాల్లో ఉన్నవాళ్లకు ఇంకో పని. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ హక్కును గ్రామసభ చేతిలో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో, తర్వాత తెలంగాణలో ఊరి నడుమ మస్టరు పైకి చదివినప్పుడు ఏం జరిగిందో చాలామంది కళ్లారా చూశారు. చేయని పనికి తమ పేరు, చేసిన పనికి ఇంకొకరి పేరు విని ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. పథకాల పేర్లు మారుతుంటాయి, చట్టాలు మారుతుంటాయి. పేరు పేరునా లెక్క, అదీ నలుగురి ముందు చదివే లెక్క, ఏ చట్టంలోనైనా వదులుకోకూడని డిమాండ్. రోడ్డు కాంట్రాక్టులో, మెట్రో పనిలో, పాకీ పనిలో, ఎత్తిపోతల సొరంగంలో కూడా అడగాల్సింది అదే.

తర్వాతి భాగంలో ఆక్రోపోలిస్ వాలులో ఉన్న అనాఫియోటికా గురించి రాస్తాను. కొత్త రాజధాని కట్టడానికి అనాఫి దీవి నుంచి వచ్చిన మేస్త్రులు తమ కోసం కట్టుకున్న వాడ అది. తవ్వకాల పేరుతో అందులో కొన్ని ఇళ్లు కూల్చేశారు. మిగిలినవి ఇంకా నిలబడి ఉన్నాయి.

జై భీమ్.